తెంపకూడని కడియం

వేలూరు
నవంబరు 16, 1913

మామకు చంద్రుడు మొక్కి రాసేది; అంబుజం చదివి వినిపించేది.

మీరు పంపిన మూడో చిక్కు విడిపోయింది. రెండు ఇనుప లాడాలూ, వాటి నడుమ బిగిసి కూర్చున్న ఉంగరమూ ఇప్పుడు నా బల్లమీద వేరువేరుగా పడి ఉన్నాయి. వంచలేదు, బలం పెట్టలేదు. ఇన్నాళ్లూ ఉంగరాన్ని పట్టుకుని లాగుతూ వచ్చాను. నిన్న బడినుంచి వచ్చి, లాగడం మానేసి, లాడాలను పుస్తకం మూసినట్టు ఒకదానిమీదికొకటి మూశాను. ఉంగరం దానంతట అదే సన్నగా ఉన్నచోటికి జారి బయటికి వచ్చింది. మొదటి చిక్కు చేతికిచ్చిననాడు మీరన్న మాట గుర్తుకొచ్చింది: "అది నీతో కొట్లాడలేదప్పా. నువ్వే దాంతో కొట్లాడతా ఉండావు."

నా గదిలో ఉండే కన్నప్పది అణైకట్ దగ్గరి పల్లె. "ఏం చంద్రా, పెండ్లికి ముందు ఇనుము నమిలే నోమా ఇది?" అని రోజూ ఎగతాళి చేస్తాడు. నిన్న కూర్చోబెట్టి అంతా చెప్పాను. అమ్మ పోయినప్పటినుంచి నన్ను పెంచింది మా మామ శంకరలింగమని, ఆయన మగ్గం పని ముగిశాక ఇనుప తీగలు వంచి ఇలాంటి చిక్కులు చేస్తాడని చెప్పాను. మామ కూతురు అంబుజం కంటే ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని ఆమె పుట్టగానే కుడిచేతికి ఇనుప కడియం వేశారు. అదీ మామ చేసిన చిక్కే. చేయి పెరిగినప్పుడల్లా ఆమె కళ్లకు గుడ్డ కట్టి, తలుపు మూసి, తానే విప్పి పెద్దది తొడుగుతాడు. ఎలా విప్పుతాడో అత్తకు కూడా తెలియదు. పెళ్లినాడు పందిట్లో అందరి ముందూ నేను దాన్ని విప్పాలి. వంచకూడదు, తెంపకూడదు. అది ఊడిన తర్వాతే తాళి.

"విప్పలేకపోతే?" అన్నాడు కన్నప్ప.

నేను లాడాలను మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

"అయితే నన్ను పిలువు. మా ఇంట్లో మంచి గొడ్డలి ఉండాది."

వాడికి ఇవి ఆటబొమ్మలు. నాకు మాత్రం లెక్కల పుస్తకం కంటే ఇవే ఎక్కువ నేర్పుతున్నాయి. నాలుగోది పంపండి. మార్చిలో పరీక్ష అని మరిచిపోలేదు.

అంబుజానికి: నువ్వు అడిగిన మాటలు పంపుతున్నాను. మెలిక, మడత, ఉచ్చు, పీటముడి. నోట్లో అని చూడు, ఒక్కొక్కటీ వేళ్లతో చేసే పని. వీటిని రాసి చూపించు. నీ ‘డ’ ఇంకా కుంటుతోంది.

చంద్రుడు

*

గుడియాత్తం
మార్గళి నెల మొదట్లో

బావకు, నాయన చెబుతుండగా అంబుజం రాసేది.

ముందు నాయన మాటలు. "నాలుగోది పంపినాను. దీంట్లో రెండు దోవలు ఉండాయి. ఒకటి పోయే దోవ, ఒకటి పోయినట్టు కనిపించే దోవ. తొందరపడితే రెండోదాంట్లో పడతావు. పరీచ్చ పాడు చేసుకోవద్దు. పరీచ్చ వదిలేసి ఈ గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడతా. ఆ గొడ్డలి పిల్లోనికి చెప్పు, మా ఇంట్లో ఇనుము తెంపింది ఒక్కసారే, అది చాలు అని."

నాయన మగ్గం గుంటలోకి దిగాడు. ఇక నా మాటలు.

ఆ ఒక్కసారి అన్నది మా అన్న కాశి సంగతి. నేను పుట్టకముందు మాట. అప్పటికి నాయనకు ఈ చిక్కులు చేతగావు. అన్న చేతికి మామూలు కడియమే ఉండేది. అది బిగుసుకుపోతే కమ్మరి దగ్గర ఆకురాయితో కోయించాడు. ఆ నెల తిరగకుండానే జ్వరం వచ్చి అన్న పోయాడు. తెంపే పని ఎప్పటికీ రాని కడియం చేయాలని నాయన అప్పుడే పట్టుబట్టాడట. మగ్గంమీద కూడా నీకు తెలుసు గదా, పడుగు ఎంత చిక్కుపడనీ, ఒక్క పోగు తెంపనివ్వడు. అందరం చుట్టూ కూర్చుని విడదీయవలసిందే.

నీకొక దొంగతనం చెప్పాలి. నీ కిందటి ఉత్తరం చదివేటప్పుడు "అంబుజానికి సిరాబుడ్డి ఒకటి కొనివ్వండి మామా" అని నువ్వు రాయని మాట ఒకటి కలిపి చదివాను. నాయన మర్నాడే కొనిచ్చాడు. అంతలో చిత్తూరునుంచి నూలు తెచ్చే జయరామయ్య వచ్చాడు. మన వీధిలో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదవగలిగింది నేనొకతెను, వచ్చినప్పుడు ఆయన. నాయన సరదాపడి ఉత్తరం ఆయన చేత మళ్లీ చదివించుకున్నాడు. అందులో సిరాబుడ్డి ఎక్కడుంటుంది?

"ఏమ్మా, ఇది బావ రాసినాడా, నువ్వు రాసినావా?" అన్నాడు నాయన.

"బావ మనసులో రాసినాడు, నేను చదివినాను" అన్నాను. నవ్వాడు. కానీ అప్పటినుంచి నేను ఉత్తరం చదువుతుంటే కాగితంకేసి చూడడం లేదు. నా నోటికేసి చూస్తున్నాడు.

అమ్మ ఒక మాట అడగమంది. నువ్వు అరవంలో రాస్తే పక్కింటి దొరై కూడా చదివి వినిపిస్తాడు గదా, నేను పనిలో ఉన్నప్పుడు కాచుకునే పని ఉండదు గదా అని.

ఈ ఉత్తరం నీ సిరాతోనే రాశాను.

అంబుజం

*

వేలూరు
జనవరి 20, 1914

అంబుజానికి,

సిరాబుడ్డి సంగతి చదివి కన్నప్పకు వినిపించాను. "ఆ పిల్ల నీకంటే బాగా రాస్తాది, నువ్వు పోయి మగ్గం గుంటలోకి దిగు, ఆమెను ఇక్కడికి పంపించు" అన్నాడు. నిజమే అనుకుంటాను.

అత్తకు చెప్పు, నేను అరవంలో రాయను. అరవం నాకు బడిలోనూ బజారులోనూ కావలసిన భాష, దానిమీద కోపమేమీ లేదు. కానీ మనం ఇంట్లో కొట్లాడుకునేదీ బుజ్జగించుకునేదీ తెలుగులో. ఎవరూ రాయకపోతే, ఎవరూ చదవకపోతే అది మన వీధి చివరి వరకే ఉండి అక్కడే ఆగిపోతుంది. ఎండాకాలం సెలవుల్లో నీకు ఇసుకలో అక్షరాలు దిద్దించినప్పుడే అనుకున్నాను, ఈ ఇంట్లో నా ఉత్తరం నీ గొంతుతోనే వినబడాలని. ఆ పని దొరైకి ఎందుకివ్వాలి? మామకు కాచుకోవడం తప్పదు. కాచుకోనీ.

నాలుగో చిక్కు ఇంకా విడలేదు. పోయినట్టు కనిపించే దోవలోనే తిరుగుతున్నాను. ఈ మాట మామకు చదవవద్దు.

చంద్రుడు

*

గుడియాత్తం
మాసి నెల 10

బావకు,

నాయన చెప్పినవీ నేను చెప్పేవీ ఈసారి కలిసిపోయి ఉంటాయి, విడదీసి రాసే ఓపిక లేదు.

కిందటి వారం తెగిన పోగు అతుకుతుంటే పోగులను వరుసగా పట్టే అచ్చులోని వెదురు ఈనె ఒకటి విరిగి నా కుడి బొటనవేలి కింద దిగబడింది. సగం వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. పసుపు పెట్టి కట్టాం. ముందు వేలు వాచింది, తర్వాత అరచేయి, ఇప్పుడు మణికట్టు. కడియం తిప్పినా తిరగడం లేదు. దాని అంచు పక్కన మాంసం గట్టులాగా లేచింది.

నాయన నిన్న తలుపు మూసి విప్పడానికి కూర్చున్నాడు. ఈసారి నా కళ్లకు గుడ్డ కట్టలేదు. దీపాలు పెట్టేదాకా దాంతోనే కూర్చున్నాడు. రాలేదు. చివరికి బయటికి వచ్చి, "బావకు రాయి. ఎట్లా విప్పేదో చెప్పేస్తా. పెండ్లికొడుకు కనిపెట్టాల్సింది మామే చెప్పేసినాడని రేపు ఎవరైనా నవ్వితే నవ్వనీ" అన్నాడు.

చెబుతాను, విను. లాడంలాంటి కమ్మి నా మణికట్టును చుట్టి ఉంది. దాని రెండు కొనలకూ కన్నులున్నాయి. ఆ కన్నుల్లోంచి పోయిన పొడవాటి ఉచ్చు ఒకటి, కమ్మికి అంటుకుని పడుకుని ఉంది. ఆ ఉచ్చును ఇనుముకూ చర్మానికీ నడుమనుంచి వెనక్కి దూర్చి, మడిచిన అరచేతిమీదుగా దాటించి, మళ్లీ అదే సందులోంచి తేవాలి. అప్పుడు లాడం నోరు తెరుచుకుంటుంది. దీనికంతటికీ వేలి మందం సందు కావాలి. ఇప్పుడు గోరు దూర్చే సందు కూడా లేదు.

"సందు లేకుండా పోయే దోవ ఇంకొకటి ఉంటాదేమో. నేను ముసలోడినైపోతి, నాకు తట్టలేదు. వాని బుర్ర లేత బుర్ర" అంటున్నాడు నాయన.

అమ్మ మాత్రం, "కోసి పారేస్తే పోలేదా" అంది. నాయన అన్నం ముందునుంచి లేచి పోయాడు.

నొప్పి ఉంది. ఓర్చుకునేంతే ఉంది.

అంబుజం

*

వేలూరు
ఫిబ్రవరి 25

మామకు,

మీ ఉత్తరం అందిన సాయంత్రమే లాంగు బజారుకు పోయి తీగ తెచ్చి అచ్చం అలాంటి కడియమే చేశాను. కన్నప్ప మణికట్టుకు తడిగుడ్డ చుట్టి వాపులాగా చేసి, దానిమీద తొడిగాను. "పరీక్షకు నన్ను ఈ సంకెలతోనే పంపుతావా?" అని వాడి గోల. మొదట మీ దోవలోనే పోయి చూశాను. సందు లేకపోతే రాదు, నిజమే.

కానీ మామా, ఇంకో దోవ ఉంది. నాకు దాదాపు కనిపిస్తోంది. కన్నులు రెండూ ఇప్పుడు చేతి పైవైపున ఉన్నాయి. కడియాన్ని పూర్తిగా తిప్పి కన్నులను మణికట్టు అడుగు వైపుకు తేగలిగితే, అక్కడ ఎముకల నడుమ పల్లం ఉంటుంది కాబట్టి ఉచ్చు అక్కడ దూరవచ్చు. కన్నప్ప చేతిమీద ఒకసారి సగం దాకా వచ్చింది. నూనె రాసి, కొంచెం కొంచెంగా తిప్పి చూడండి. ఈలోగా మిగతా సగం నేను కనిపెడతాను. నాకు వారం ఇవ్వండి. తెంపే మాట ఎవరూ ఎత్తవద్దు, అత్తకు కూడా చెప్పండి. తెంపడం విప్పడం చేతగానివాళ్ల పని.

పుస్తకం తెరిచినా ఆ ఉచ్చే కనిపిస్తోంది. ఇంత సంతోషంగా నా బుర్ర ఎప్పుడూ పని చేయలేదు.

అంబుజానికి: ఓర్చుకో. పందిట్లో చేయవలసిన పని కాస్త ముందుగా చేస్తున్నానంతే.

చంద్రుడు

*

గుడియాత్తం
మాసి నెల 20

బావకు,

నీ ఉత్తరం చదివాను. నాయన ముఖం ఎంత వెలిగిందో నువ్వు చూడవలసింది. "చూసినావా కుప్పమ్మా, వాడు కూడా అదే మాట చెప్పినాడు, తెంపకూడదని" అని అమ్మతో అన్నాడు. ఈసారి నా నోటికేసి చూడలేదు. తనకు కావలసిన మాటే వచ్చింది గదా.

నూనె రాసి తిప్పాం. నాయన కడియం పట్టుకున్నాడు, అమ్మ నా మోచేయి పట్టుకుంది. పావు వంతు తిరిగి అక్కడే నిలిచిపోయింది. ఇప్పుడు కన్నులు పక్కవైపున ఉన్నాయి, ఎముకమీద. వెనక్కీ రావు, ముందుకూ పోవు.

ఆ తర్వాత నాయనకు ఇంకో ఆలోచన వచ్చింది. కండె చుట్టినట్టు నా వేళ్ల కొననుంచి కడియం దాకా నూలు బిగించి చుట్టాడు, వాపు అణిగితే సందు వస్తుందని. ఎంత శ్రద్ధగా చుట్టాడో, ఒక్క పోగు ఒక్క పోగుమీదికి ఎక్కలేదు. పొద్దున చుట్టి సాయంత్రం విప్పాడు. వాపు అణగలేదు. చుట్టిన నూలు అచ్చు చేతిమీద ఇంకా పోలేదు.

నీకొక ప్రశ్న. నా వేళ్ల రంగుకు మాట దొరకడం లేదు. నీలం కాదు. నేరేడుపండు రంగు కూడా కాదు. నీళ్లలో చాలాసేపు నానిన నల్ల గుడ్డ ఎండకు పెట్టినట్టు ఉంది. గోరుతో గిచ్చితే చిటికెనవేలికి తెలియడం లేదు. దీనికి నీ పుస్తకాల్లో మాట ఏదైనా ఉందా?

నిన్న అమ్మ నాయనకు చెప్పకుండా నన్ను కమ్మరి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చేయి చూసి, ఆకురాయి తీసి, మళ్లీ పెట్టేశాడు. "నీ కొడుకు కడియం కోసింది మా నాయన. బిడ్డ పోయినాక మీ ఇంటాయన మా వాకిట్లో నిలబడి ఏమన్నాడో నాకు ఇంకా చెవుల్లో ఉండాది. ఆయన వచ్చి కొయ్యమంటే కోస్తా. నీ మాట మీద కొయ్యను తల్లీ" అన్నాడు. అమ్మ నా మోచేయి పట్టుకుని ఇంటికి నడిపించుకు వచ్చింది.

రాత్రి చలి వణుకు వచ్చింది. నా గీతలు కిందికి జారిపోతున్నాయి, ‘డ’ ఒక్కటే కాదు, అన్నీ కుంటుతున్నాయి. భయపడకు. చదువుకో.

అంబుజం

*

వేలూరు
మార్చి 6

మామా,

ఈ ఉత్తరం అందిన గంటలోనే కడియం కోయించండి. మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు.

అంబుజం రాసిన రంగు సంగతి చదివి నేను మాటకోసం వెతుకుతూ కూర్చున్నాను. కన్నప్ప ఉత్తరం లాక్కుని, "నీకు మాట కావాల్నా, మనిషి కావాల్నా?" అని నా చొక్కా పట్టుకుని డాక్టరు శివప్రకాశంగారి ఇంటికి ఈడ్చుకుపోయాడు. ఆయన వింటూ వింటూ కాఫీ లోటా కింద పెట్టేశారు. నేను చేసిన కడియం చూపించి ఇంకో దోవ గురించి చెప్పబోయాను. ఆయన దాన్ని చేత్తో కూడా తాకలేదు.

"లోపల చీము పట్టి ఉండాది. ఇనుము రక్తాన్ని అడ్డుకుంటా ఉండాది. దాన్ని ముందే కోసి ఉంటే గాయం చీల్చి కడిగేసి ఉందుము, అంతటితో పోయేది. ఇప్పటికైనా కొయ్యండి, వెంటనే ఇక్కడికి తీసుకొని రండి. ఆలస్యం చేస్తే చెయ్యి దక్కదు. ఇంకా చేస్తే పిల్ల దక్కదు" అన్నారు.

మామా, ఇంకో దోవ ఉందని నేనన్నది తప్పు. నాకేమీ కనిపించలేదు. కనిపిస్తుందని అనుకున్నాను, అంతే. అప్పుడు నా మాట నమ్మినట్టే ఇప్పుడు కూడా నా మాటే నమ్మండి. కాశి జ్వరంతో పోయాడు, ఇనుము తెగినందుకు కాదు.

నాకు సోమవారం పరీక్ష మొదలు. మీ ఆజ్ఞ దాటలేక ఆగిపోతున్నాను. ముగిసిన పూటే వస్తాను. మీరు మాత్రం ఆగవద్దు.

చంద్రుడు

*

గుడియాత్తం
ఆదివారం

బావా

ఎడమచేత్తో రాస్తున్నాను. చిన్న చిన్న మాటలే వస్తాయి.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాయన ముందు చదివాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదలలేదు.

నాయన నా నోటికేసి చూశాడు. "మొన్న తెంపొద్దనె. ఈ దినం తెంపమనె. ఒక మనిషి రెండు మాటలు ఎట్లా రాస్తాడు?" అన్నాడు. "నొప్పికి తాళలేక నువ్వే కలిపి చదవతా ఉండావు తల్లీ. నీ తప్పు కాదులే."

ఒట్టు పెట్టాను. అమ్మ తల పట్టుకుని ఒట్టు పెట్టాను. "సిరాబుడ్డికి కూడా ఇదే ముఖం పెట్టినావు గదమ్మా" అన్నాడు. కోపంగా కాదు. నా తల నిమిరి అన్నాడు.

కాగితం దొరైకి ఇచ్చాం. వాడు తిప్పి తిప్పి చూసి, "ఇవి తెలుంగు ఎళుత్తు, ఈ అక్షరాలు నాకు రావు మామా" అన్నాడు. వీధి చివరిదాకా పోయాం. ఒక్కరూ లేరు. అందరూ నీ మాటలు అర్థం చేసుకోగలిగినవాళ్లే. ఎవరికీ చదవను రాదు.

జయరామయ్య పేర్ణాంబట్టులో ఉన్నాడని ఎవరో అన్నారు. నాయన నీ ఉత్తరం మడిచి తలపాగాలో పెట్టుకుని బండిమీద పోయాడు. "ఆయన నోట ఇంటే, నా చేత్తో నేనే కోస్తా" అని పోయాడు. ఇంకా రాలేదు.

కమ్మరి నాయన వస్తేనే అంటున్నాడు.

అరవంలో రాసి ఉంటే బావా.

మళ్లీ రాయి. అరవంలో రాయి.

*

వేలూరు
మార్చి 10

అత్తకూ మామకూ,

అక్షరాలు అరవం, మాట తెలుగు. దొరై గట్టిగా, వీధిలో నిలబడి చదవాలి.

అంబుజం చదివింది నిజం. ప్రతి మాటా నేను రాసిందే. కడియం కోయించమన్నది నేనే.

ఈ చీటీ తెచ్చినవాడు కన్నప్ప. అతని దగ్గర ఆకురాయి ఉంది. మామ ఇంట్లో ఉన్నా లేకపోయినా, పేర్ణాంబట్టునుంచి వచ్చినా రాకపోయినా, అత్తా, అంబుజాన్ని అతనితో ఈ బండికే తీసుకుని రండి. నేను దవాఖానాలో మంచం కుదిర్చి కాట్పాడి స్టేషనులో నిలబడి ఉంటాను. మేమిద్దరమూ ఈ రోజు పరీక్షకు పోలేదు. మామ నా కాళ్లు ఇరగ్గొట్టాలనుకుంటే ఆ తర్వాత ఇరగ్గొట్టవచ్చు.

చంద్రుడు

*

వేలూరు
మే 24, 1914

అంబుజానికి,

నువ్వు ఇంటికి చేరిన తర్వాత ఇది నా మొదటి ఉత్తరం. చాలా మొదలుపెట్టి చించేశాను. దవాఖానాలో నీ మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా నీకు చెప్పనివి కొన్ని ఉన్నాయి. నువ్వు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నావని నీ నాలుగు ముక్కల కార్డు చూస్తే తెలిసింది.

కన్నప్ప మీ ఇంటికి వచ్చేసరికి మామ పేర్ణాంబట్టునుంచి అప్పుడే దిగాడట. జయరామయ్య అక్కడ దొరకలేదు, అప్పటికే వేరే ఊరికి పోయాడు. మామ నా ఉత్తరాన్ని తోళ్ల మండీల్లో కనపడిన ప్రతివాడికీ చూపించి తిరిగి వచ్చాడు. దొరై చీటీ చదవగానే మామ కన్నప్ప చేతిలోని ఆకురాయి తానే తీసుకున్నాడు. కానీ అప్పటికి ఇనుము మాంసంలో మునిగిపోయి ఉంది. ఆకురాయి ఆనించడానికి చోటు లేదు. నిన్ను ఎత్తుకుని బండి ఎక్కించింది మామే. అది నీకు గుర్తుండదు.

డాక్టరు మోచేతికి పైన చేయి తీసేశారు. కడియాన్ని తాకవలసిన పనే లేకపోయింది. తర్వాత కడియాన్ని కడిగి, కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు.

దాన్ని నేను విప్పి చూశాను, అంబుజం. విప్పకుండా ఉండలేకపోయాను. ఊపిరి తీసినంతసేపు కూడా పట్టలేదు. చేయి లేకపోతే అది చిక్కే కాదు. మళ్లీ మూసేశాను.

నిన్న మామ దొరై చేత రాయించిన ఉత్తరం వచ్చింది. వచ్చే ఆని నెలలో పెళ్లికి ముహూర్తం చూశానన్నాడు. కడియం పంపించమన్నాడు. పందిట్లో తాంబూలపు పళ్లెంలో పెట్టి ఉంచుతాడట, నేను అందరి ముందూ విప్పాలట, ఆ తర్వాతే తాళి. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "చెయ్యి పోతే పోయింది. ఇనుము తెగలేదు, దానివల్లనే బిడ్డ దక్కింది. కాశి మాదిరి ఈ బిడ్డ కూడా పోయి ఉంటే నేనేమయ్యి ఉందును."

ఆయన అలా నమ్ముతున్నాడు. ఆ నమ్మకం లేకపోతే ఆయన ఒక్క పూట కూడా బతకలేడని నాకు అనిపిస్తోంది. పళ్లెంలో పెడితే విప్పేస్తాను, ఒక్క క్షణం పని, ఆయనకు ఊరట కలుగుతుంది. విప్పనా? నువ్వు చెప్పినట్టు చేస్తాను. కడియం ఈ ఉత్తరంతో పంపుతున్నాను, మామకు కాదు, నీకు.

చంద్రుడు

*

గుడియాత్తం
ఆడి నెల

బావకు,

ముహూర్తం దాటించింది నేనే. నీకు నాయన కారణం చెప్పి ఉండడు. ఇన్నాళ్లూ నేను రాయకపోవడానికి కూడా అదే కారణం.

ఎడమచేయి ఇప్పుడు కొంచెం లొంగింది. ఒక్కో మాటా వంట చేసినంతసేపు పడుతుంది. అందుకని అనవసరమైన మాటలు రాయడం మానేశాను.

కడియం వచ్చిన రోజు దాన్ని నాయన ముందు పెట్టాను. కమ్మరి దగ్గర ఆకురాయి అడిగి తెచ్చి దాని పక్కన పెట్టాను. "దీన్ని నువ్వు కోస్తేనే పందిట్లో కూర్చుంటా నాయనా. బావ విప్పేది లేదు. ఎవురూ విప్పేది లేదు" అన్నాను.

"నీకు పిచ్చి పట్టినాదా తల్లీ. అది నీ ఆయుసు."

"ఆయుసు చేతికి కదా కట్టినావు. చెయ్యి యాడ ఉండాది చూపించు."

అమ్మ నన్ను ఊరుకోమనలేదు. చాట పక్కన పెట్టి నాయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

నాయన ఏడ్చాడు. అన్న పేరు చెప్పి ఏడ్చాడు. అది తెగితే నేను పోతానని ఆయనకు నిజంగానే భయం, నేను కాదనడం లేదు. నాకు కూడా, బావా, చిన్నప్పటినుంచి విన్న మాట, లోపల ఎక్కడో భయమే. అయినా కదలలేదు. మూడు రోజులు ఆయన మగ్గం గుంటలోకి దిగలేదు. నాలుగోనాడు పొద్దున లేచి చూస్తే వాకిట్లో కూర్చుని కోస్తున్నాడు. ఒక గీత గీసి నా ముఖంకేసి చూస్తాడు. మళ్లీ గీస్తాడు, మళ్లీ చూస్తాడు. నేను ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో కండెలు సర్దుతూ ఉన్నాను. పోగు తెగినంత చప్పుడు కూడా రాలేదు. రెండు ముక్కలై ఆయన ఒళ్లో పడింది.

ఆ రోజునుంచి నాయన నా నుదురు తాకి చూడని పొద్దు లేదు. తుమ్మితే లేచి నిలబడేవాడు. దగ్గితే దొరైని నీ దగ్గరికి పంపడానికి చెప్పులు వెతికించేవాడు. వీధిలోవాళ్లు కూడా నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

నెల తిరిగింది. వాన పడింది, తడిశాను. పెరుగన్నం తిన్నాను. నిన్నటికి నెలమీద కూడా చాలా రోజులు గడిచాయి. ఇప్పుడు నాయన చూసేది నా నుదురుకేసి కాదు, ఖాళీ రవికె చేతికేసి.

నాకు ఏమీ కాలేదు బావా. అదే నాయన తట్టుకోలేకపోతున్నాడు.

అంబుజం